దీన్ని చేత్తో మార్చకండి

రెండేళ్ళ కిందట ఒక చిన్న తెలుగు పత్రిక వెబ్‌సైటుని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి తరలించే పనిలో నేనూ ఓ చెయ్యి వేశాను. పత్రిక పేరు ఇక్కడ అనవసరం. పన్నెండేళ్ళ కథలు, కవితలు, సమీక్షలు, వాటి కింద పాఠకుల పొగడ్తలు, తగాదాలు, అన్నీ కలిపి ఒక డేటాబేసు. పాత సర్వర్‌ని మొదట్నించీ చూసుకున్న పెద్దాయన వేరే పనుల్లో పడి తప్పుకున్నారు. నల్ల తెర తెరిచి కమాండ్లు కొట్టే ఓపిక మిగతావాళ్ళకి లేదు. ఇకమీదట ఎవరైనా చూసుకోగలిగేలా ఉండాలని కంట్రోల్ ప్యానెల్ ఉన్న హోస్టింగ్ కొన్నాం. పాత చోట ఎక్స్‌పోర్ట్ నొక్కాం. కొత్త చోట ఇంపోర్ట్ నొక్కాం. రెండు చోట్లా ఆకుపచ్చ టిక్కు వచ్చింది.

సైటు తెరిస్తే తెలుగు లేదు.

తల మీద ఏటవాలు గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఆ పక్కన ఇంకేదో. మళ్ళీ అదే ‘ఎ’, ఈసారి పక్కన ప్లస్-మైనస్ గుర్తు. మొదటి సంచిక నుంచి చివరి సంచిక దాకా ఇదే వరస. చూడ్డానికి చెత్తలా ఉంది గానీ నిజానికి అది తెలుగే. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, దేనికైనా మూడేసి బైట్లు పడతాయి. మొదటి బైటు ఎప్పుడూ ఒకటే. రెండోది రెండింట్లో ఏదో ఒకటి. ఆ బైట్లని పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన లాటిన్-1 పట్టిక పెట్టుకుని చదివితే మొదటిది ఆ గీత పెట్టుకున్న ‘ఎ’, రెండోది డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్సో అవుతుంది. అంటే లోపల అక్షరాలు చెక్కుచెదరలేదు. చదివే పట్టిక మారిపోయిందంతే.

మేం చేసిన మొదటి పని ప్యానెల్లో వెతకడం. ‘కొలేషన్’ అని ఒక డ్రాప్‌డౌన్ ఉంది. అందులో యూటీఎఫ్-8 ఎంచుకున్నాం. కాలమ్స్ అన్నిటికీ వర్తింపజేయాలా అని ఒక చెక్‌బాక్స్ అడిగితే దానికీ టిక్కు పెట్టాం. మళ్ళీ ఆకుపచ్చ టిక్కు. తెలుగు మాత్రం రాలేదు. పాత సర్వర్ అద్దె ఇంకా పదిరోజులుంది కాబట్టి, ఆఖరికి విసుగొచ్చి దాంట్లోకే లాగిన్ అయ్యి, డేటాబేసు కాన్ఫిగ్ ఫైలు తెరిచాను. మధ్యలో ఎక్కడో లాటిన్-1 అని ఒక సెట్టింగు. దాని నెత్తిన, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులో, పెద్దాయన మూడు వాక్యాలు: ‘దీన్ని మార్చొద్దు. మొదటి సంచిక నుంచీ తెలుగు ఇలాగే లోపలికి వెళ్ళింది. మారిస్తే పాతవన్నీ పోతాయి.’ కింద తేదీ.

ఆ మూడు వాక్యాలు ఎక్స్‌పోర్ట్ బటన్‌కి కనపడలేదు. ఎందుకు కనపడలేదు అన్న ప్రశ్న నన్ను అప్పట్నించీ వదల్లేదు. సర్వర్లని ప్యానెళ్ళతో నడపాలా, ఫైళ్ళు చేత్తో దిద్దాలా అనేది ఇంజినీర్లు టీ తాగుతూ పోట్లాడుకునే విషయం. సాహిత్య పత్రికలో దానికేం పని అని మీరడగొచ్చు. నాకైతే ఇది రాయడానికీ, ఫారం నింపడానికీ ఉన్న తేడా గురించిన తగువులా కనిపిస్తోంది. ఆ తేడా మనకి తెలిసిందే.

*

ముందు ఫైలు సంగతి చూద్దాం. లైనక్స్ సర్వర్‌లో ప్రతి ప్రోగ్రామూ ఎలా నడుచుకోవాలో చెప్పే మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి ఉంటుంది. అపాచీకి ఒకటి, ఎన్జిన్‌ఎక్స్‌కి ఒకటి, మెయిల్‌కి ఒకటి, డేటాబేసుకి ఒకటి. తెరిచి చదువుకోవచ్చు. వీటిల్లో చాలావాటికి ఒక అలవాటుంది. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే లైనుని ప్రోగ్రామ్ చదవదు. అది మనిషి జాగా. యంత్రం పట్టించుకోదని తెలిసీ, యంత్రం కోసం రాసే ఫైల్లోనే, రేపొచ్చే ఇంకో మనిషి కోసం రాసే మాటలవి. దీనికి మన దగ్గర పాత చుట్టరికం ఉంది. తాళపత్ర ప్రతులు రాసిన లేఖకులు చివర్లో తమ పేరో, పూర్తిచేసిన తిథివారాలో, తప్పులుంటే మన్నించమనే మాటో చేర్చేవాళ్ళు. గ్రంథంలో అది భాగం కాదు. కానీ ఆ ప్రతి ఎక్కణ్ణించి వచ్చిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పేది చాలాసార్లు అదే.

మంచి కాన్ఫిగ్ ఫైలు చదువుతుంటే ఆ సర్వర్ జీవితం తెలుస్తుంది. ఎవరో ఒక లైనుని తీసెయ్యకుండా హ్యాష్ పెట్టి పడుకోబెట్టారు, రేపు అవసరపడుతుందేమోనని. ఇంకెవరో ఒక అంకెని 30 నుంచి 300 చేసి, ‘పరీక్షా ఫలితాల రోజు’ అని పక్కన రాశారు. కొన్ని చోట్ల రెండు కామెంట్లు ఒకదాన్నొకటి తిట్టుకుంటాయి. ఇదంతా గొప్ప సాహిత్యమని అనను. అయితే చదవగలిగిన రాత, కారణం చెప్పే రాత.

చేత్తో రాసిందల్లా చదవగలిగేదని కూడా అనుకోకూడదు. దానికి సాక్ష్యం సెండ్‌మెయిల్. 1980ల మొదట్లో ఎరిక్ ఆల్‌మన్ రాసిన ఈ మెయిల్ ప్రోగ్రామ్ చాలా ఏళ్ళు ఇంటర్నెట్ ఉత్తరాల్లో పెద్ద భాగాన్ని మోసింది. దాని కాన్ఫిగ్ ఫైలు మాత్రం తాయెత్తులో చుట్టిన యంత్రంలా ఉండేది. డాలర్లు, స్టార్లు, ఒంటి అక్షరాలు. తయారుచేసినవాళ్ళే చివరికి ఎమ్-4 అనే మాక్రో భాషలో ఒక చిన్న ఫైలు రాయమని, దాన్నుంచి ఆ పెద్ద ఫైలుని యంత్రమే పుట్టిస్తుందని ఏర్పాటు చేశారు. అలా పుట్టిన ఫైలు నెత్తిన ఒక హెచ్చరిక ఉంటుంది: దీన్ని చేత్తో మార్చకండి, మార్చాలంటే మూలాన్ని మార్చండి.

ఈ హెచ్చరికనీ, మా పెద్దాయన రాసిన ‘దీన్ని మార్చొద్దు’నీ పక్కపక్కన పెట్టి చూడండి. చూడ్డానికి ఒకే మాట. ఆయన మాట కారణం చెప్పి మార్పు నీ ఇష్టానికి వదిలేస్తుంది. యంత్రం మాట కారణం చెప్పదు, మార్చినా నిలవదని మాత్రం చెబుతుంది. సెండ్‌మెయిల్ కనీసం మూలం ఎక్కడుందో చూపించింది. తర్వాతొచ్చిన చాలా ప్యానెళ్ళు ఆ మర్యాద కూడా పాటించలేదు.

*

ఈ విషయం మీద సాహిత్యం వైపు నుంచి వచ్చిన పేరున్న రచన నీల్ స్టీఫెన్‌సన్ 1999లో రాసిన ‘ఇన్ ద బిగినింగ్ వాజ్ ద కమాండ్ లైన్’. స్టీఫెన్‌సన్ నవలాకారుడు. ‘స్నో క్రాష్’, ‘క్రిప్టోనామికాన్’ రాసినవాడు. ఈ వ్యాసం ముందు ఇంటర్నెట్లో ఉచితంగా వచ్చింది, తర్వాత చిన్న పుస్తకమైంది. పేరు బైబిల్లో యోహాను సువార్త మొదటి మాటకి ఎక్కిరింపూ, నమస్కారమూ కూడా.

కంప్యూటర్ల గురించి ఇంత హాయిగా చదివించే వ్యాసాలు తక్కువ. ఒక కూడలిలో నాలుగు కార్ల షోరూములు పెట్టాడు. మైక్రోసాఫ్ట్ వాళ్ళవి అందరూ కొనే స్టేషన్ వ్యాగన్లు. ఆపిల్ వాళ్ళవి బానెట్ తెరవడానికి వీల్లేని అందమైన సెడాన్లు. బీ అనే కంపెనీవి బ్యాట్‌మొబైల్స్. చివర్లో లైనక్స్ వాళ్ళు గుడారాలేసుకుని యుద్ధట్యాంకులు ఊరికే ఇస్తుంటారు, తీసుకునేవాడే ఉండడు. ఇంకో చోట ఒక భారీ డ్రిల్లింగ్ మెషీను కథ. మామూలు డ్రిల్లు బిట్టు ఇరుక్కుంటే ఆగిపోతుంది. ఇది ఆగదు, పట్టుకున్న మనిషినే తిప్పేస్తుంది. చెప్పింది చెప్పినట్టు చేసే పనిముట్టు అంత ప్రమాదకరం, యూనిక్స్ అలాంటిదే అంటాడు. డిస్నీ వరల్డ్‌లో ఒకాయన ఎదురుగా ఉన్న కృత్రిమమైన వీధిని కళ్ళతో చూడకుండా వీడియో కెమెరా తెరలో చూస్తూ నడిచే దృశ్యం నాకు పుస్తకం పక్కన పెట్టాక కూడా గుర్తుండిపోయింది.

అతని వాదం క్లుప్తంగా ఇది. కమాండ్ లైన్ దగ్గర మనిషి మాటతో యంత్రానికి చెబుతాడు. బొమ్మల తెర వచ్చాక మధ్యలో ఒక దళారి కూర్చున్నాడు. వాడు మన తరఫున ఏం ఎంచుకున్నాడో మనకి తెలీదు. జనం మాటని వదిలి బొమ్మని ఎందుకు ఎంచుకున్నారంటే, లోకం మరీ చిక్కుగా ఉంది, ఎవరో ఒకరు సులువు చేసి చూపిస్తే చాలనుకున్నారు. హెచ్.జి.వెల్స్ ‘టైమ్ మెషీన్’లోని ఎలోయ్, మోర్లాక్ జాతుల్ని తెచ్చి తలకిందులు చేస్తాడు. మనకాలంలో అన్నీ తెలిసిన కొద్దిమంది మోర్లాకులు నడుపుతుంటే, ఏమీ తెలియని లక్షలమంది ఎలోయ్‌లు తెర ముందు కూర్చున్నారంటాడు.

ఇక్కడే నాకు పేచీ. స్టీఫెన్‌సన్ గీసిన గీత మాటకీ బొమ్మకీ మధ్య. సర్వర్ ప్యానెల్ని ఆ గీత మీద పెడితే ఎటూ కూర్చోదు. ఎందుకంటే ప్యానెల్లో బొమ్మలేవీ? నిండా మాటలే. లేబుళ్ళు, గళ్ళు, డ్రాప్‌డౌన్లు, కింద ‘సేవ్’. అది బ్యాంకు ఫారం లాంటిది. ఫారంలోనూ మాటలుంటాయి, కానీ అవి ముందే వేరేవాళ్ళు రాసిపెట్టిన మాటలు. మన సమస్య వాళ్ళు ఊహించిన గళ్ళలో దేంట్లోనూ పట్టకపోతే చెప్పుకునే చోటు ఉండదు. రెవెన్యూ ఆఫీసులోనో కాలేజీ అడ్మిషన్లలోనో ‘మీ కేసుకి ఆప్షన్ లేదండీ’ అనిపించుకున్నవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. వాక్యంలో రెండు పనులు చెయ్యొచ్చు. ఫారం తయారుచేసినవాడు ఊహించనిది చెప్పొచ్చు. ఎందుకు చెబుతున్నామో కూడా చెప్పొచ్చు. గడిలో ఈ రెండూ కుదరవు. ‘కొలేషన్’ అన్న గడి మమ్మల్ని ఏం కావాలని అడిగింది. లోపల ఇప్పటికే ఉన్నదేంటో, అది ఎలా వచ్చి చేరిందో అడగలేదు.

రెండో పేచీ మనుషుల్ని రెండు జాతులుగా విడగొట్టడం మీద. తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు అని గీత గీస్తే చదవడానికి హుషారుగానే ఉంటుంది, చదివేవాళ్ళందరూ తమని తెలిసినవాళ్ళలో వేసుకుంటారు కాబట్టి. కానీ సర్వర్ దగ్గర కొన్నేళ్ళు పనిచేసిన ఎవర్నైనా అడగండి. ఏడాది కిందట నేనే రాసిన సెట్టింగు ముందు ఇవాళ నేను పరాయి మనిషిని. ఎందుకు రాశానో గుర్తుండదు. మా పెద్దాయన ఆ కామెంటు ఎవరో తెలియనివాళ్ళ కోసం రాశారని నేననుకోను. మూడేళ్ళ తర్వాతి తన కోసమే రాసుకుని ఉంటారు. స్టీఫెన్‌సన్ వ్యాసంలో మనిషికీ యంత్రానికీ మధ్య సంభాషణ ఉంది. మనిషికీ తర్వాతొచ్చే మనిషికీ మధ్య జరిగే సంభాషణకి అందులో చోటు తక్కువ.

2004 నాటికి స్టీఫెన్‌సన్ కూడా మ్యాక్ ఓఎస్ టెన్‌కి మారిపోయి, తన వ్యాసంలో చాలాభాగానికి కాలం చెల్లిందని ఒప్పుకున్నాడు. దాంట్లో తప్పేం లేదు. ఆ మ్యాక్ అడుగున యూనిక్స్ ఉంది. పైన బొమ్మలు, కింద మాటలు, అటూ ఇటూ తిరగడానికి దారి. బహుశా అతను వెతికిందే అది.

*

ఆ దారి ఉందా లేదా అన్నదాన్ని బట్టే నేను ప్యానెళ్ళకి మార్కులు వేస్తాను. అన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

పాతవాటిల్లో నాకు ఇష్టమైనది ఐబీఎమ్ వాళ్ళ ఎఐఎక్స్‌లో 1990 ప్రాంతాల్లో వచ్చిన స్మిట్. మెనూలు, వాటి కింద మెనూలు, గళ్ళు. బొమ్మల వెర్షన్‌లో ఒక చిన్న మనిషి పరిగెడుతూ ఉంటాడు. పని అయితే చేతులెత్తుతాడు, చెడితే బోర్లాపడతాడు. ఆ మనిషిని తలుచుకుని నవ్వుకునే పాతకాలపు ఇంజినీర్లు ఇంకా ఉన్నారు. అసలు విశేషం అది కాదు. గళ్ళు నింపాక ఎఫ్-6 మీట నొక్కితే, ‘నీ తరఫున నేను కొట్టబోయే కమాండు ఇదీ’ అని చూపిస్తుంది. చేసినవన్నీ ఒక స్క్రిప్టు ఫైల్లో రాసి నీ ఫోల్డర్లో ఉంచుతుంది. అంటే స్మిట్ ఫారం నింపించుకుని, నీ చేతికి వాక్యం తిరిగిచ్చేది. నాలుగు నెలలు దాంతో పనిచేసినవాళ్ళకి కమాండ్లు వాటంతటవే వచ్చేవి. దళారిగా ఉంటూనే పంతులు పని చేసిన ప్యానెల్ అది.

వెబ్‌మిన్ ఇంకో రకం మర్యాదస్తురాలు. 1997లో జేమీ కామెరాన్ పెర్ల్‌లో రాసిన ప్యానెల్. బ్రౌజర్లో 10000 పోర్టుకి వెళ్తే తెరుచుకుంటుంది. దాని రూపం గురించి ఎవరూ పద్యాలు రాయరు. కానీ అది అసలు కాన్ఫిగ్ ఫైలునే చదువుతుంది, అందులో నువ్వు మార్చమన్న లైనునే మారుస్తుంది. నువ్వు రాసుకున్న కామెంట్ల జోలికి పోదు, వరస చెడగొట్టదు. పొద్దున చేత్తో దిద్ది, సాయంత్రం ప్యానెల్తో దిద్దినా రెండూ ఒకే ఫైలు మీద పడతాయి. ఒకే నోటుపుస్తకంలో ఇద్దరు రాసుకున్నట్టు. సూసే లైనక్స్‌లోని పాత యాస్ట్ కూడా తనదైన పద్ధతిలో ఇలాంటి జాగ్రత్త పడేది. చెయ్యి పడిన ఫైలు కనిపిస్తే దాన్ని తుడిచెయ్యకుండా, తన వెర్షన్‌ని పక్కన ఇంకో పేరుతో పెట్టి ఊరుకునేది.

సీప్యానెల్ దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. 1996లో మొదలైన ఈ ప్యానెల్ లేకపోతే మనకి తెలిసిన వెబ్ ఇలా ఉండేది కాదు. ఒకే సర్వర్ని వందలమందికి పంచి, ప్రతివాడికీ తన గది తాళం తనకిచ్చి, నెలకి కొద్ది డబ్బుతో సైటు పెట్టుకునే వీలు కల్పించింది ఇలాంటి ప్యానెళ్ళే. తెలుగు బ్లాగులు, చిన్న పత్రికలు, ఊరి సంఘాల సైట్లు ఎన్నో వీటి మీద బతికాయి. కథ రాయగలిగినవాళ్ళందరికీ అపాచీ కాన్ఫిగ్ కూడా రావాలంటే ఎంతమంది మిగిలేవాళ్ళు? ఈ మేలు మర్చిపోయి ప్యానెల్ని తక్కువ చేసే ఇంజినీర్ల మాటలో నాకు కొంచెం అగ్రహారపు వాసన వస్తుంది.

అయితే సీప్యానెల్ ఫైళ్ళకి యజమాని తనే. అపాచీ ఫైలుని మూసల్లోంచి తనే పుట్టిస్తుంది, అవసరమైనప్పుడల్లా మళ్ళీ పుట్టిస్తుంది. నేరుగా అందులో ఏదైనా రాస్తే అది తర్వాతి పుట్టుకలో పోతుంది. మనం రాసుకోవడానికి విడిగా చిన్న ఫైళ్ళు కేటాయించింది, అది నిజమే. కానీ మీరు గమనిస్తే, ఇల్లు మనది అనుకున్నచోట మనం అద్దెకున్నవాళ్ళమయ్యాం. గోడకి మేకు కొట్టాలన్నా వాళ్ళు చూపించిన చోటే కొట్టాలి. ఇది మాటవరసకి చెప్పిన పోలిక కాదని 2019లో తెలిసింది. అంతకుముందు ఏడాది ఓక్లీ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ సీప్యానెల్‌ని కొనుక్కుంది. 2019 జూన్‌లో, సర్వర్‌కి ఇంత అని ఉన్న లైసెన్సు ధరని ఖాతాల సంఖ్యని బట్టి లెక్కగట్టే పద్ధతికి మార్చారు. ఒక్కో సర్వర్ మీద వందల ఖాతాలు నడిపే చిన్న హోస్టింగ్ వాళ్ళు గగ్గోలు పెట్టారు. వేరే ప్యానెల్‌కి పోదామంటే అంత సులువా? ఇన్నేళ్ళ సెట్టింగులన్నీ దాని గళ్ళలో ఉన్నాయి. చదువుకోగలిగిన ఫైలుగా మన చేతిలో ఉన్నది తక్కువ.

ఇంకో భయం కూడా ఉంది. ప్యానెల్ అంటే సర్వర్ మీద సర్వహక్కులూ ఉన్న ఇంకో ప్రోగ్రామ్. ఇందాక మెచ్చుకున్న వెబ్‌మిన్‌కే 2018 ఏప్రిల్‌లో ఎవరో దొంగతలుపు పెట్టారు. అందరూ చూడగలిగే మూలకోడ్‌లో కాకుండా, ప్యాకేజీ తయారయ్యే కంప్యూటర్లో పెట్టారు. 2019 ఆగస్టు దాకా అది బయటపడలేదు. మర్యాదగా ఉండటం వేరు, భద్రంగా ఉండటం వేరు.

కొత్తవాటిల్లో రెడ్ హ్యాట్ వాళ్ళ కాక్‌పిట్ మళ్ళీ స్మిట్ దారిలోకి వచ్చింది. తనకంటూ సొంత దస్త్రం పెట్టుకోదు, సిస్టమ్‌లో ఉన్నదే చూపిస్తుంది. టెర్మినల్లో ఏదైనా మారిస్తే ఇక్కడ కనిపిస్తుంది, ఇక్కడ మారిస్తే అక్కడ కనిపిస్తుంది. ప్యానెల్లోనే ఒక పక్క టెర్మినల్ తెరుచుకుని కూర్చోవచ్చు. 

*

ఇప్పుడు చేతి వైపు లోపాలు కూడా ఒప్పుకోవాలి. లేకపోతే ఇది సమీక్ష కాదు, భజన అవుతుంది.

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే సంస్థలో అలిసిపోయిన ఇంజినీర్ ఒకరు రెండో డేటాబేసు సర్వర్లో ఫోల్డర్ని చెరిపేద్దామని కమాండ్ కొట్టారు. చూసుకుంటే ఉన్నది అసలు సర్వర్లో. క్షణాల్లో ఆపారు గానీ 300 జీబీ దాకా ఉన్నది 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ పద్ధతులు చాలానే పెట్టుకున్నారు, అక్కరకొచ్చేసరికి దాదాపు ఏవీ పనిచెయ్యలేదు. చివరికి సుమారు ఆరుగంటల డేటా పోయింది. నెల తిరక్కుండానే, ఫిబ్రవరి 28న, అమెజాన్‌లో ఒక ఉద్యోగి రాసిపెట్టిన పద్ధతి ప్రకారమే ఒక కమాండ్ కొడుతూ అందులో ఒక విలువ తప్పు కొట్టారు. అనుకున్నదానికన్నా ఎక్కువ సర్వర్లు ఆగిపోయి, వాళ్ళ ఎస్-3 నిల్వ సేవ గంటల తరబడి పడిపోయింది. దాని మీద ఆధారపడ్డ సైట్లు ఎన్నో దాంతోపాటే పడ్డాయి.

ఈ రెండూ స్టీఫెన్‌సన్ చెప్పిన డ్రిల్లు కథలే. యంత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. నాకు ఆసక్తిగా అనిపించింది తర్వాత చేసిన మరమ్మతులు. అమెజాన్ ఆ పనిముట్టుకి ఒక కంచె కట్టింది. ఒకేసారి ఎక్కువ తీసెయ్యడానికి వీల్లేదు, ఫలానా హద్దుకి కిందకి పోవడానికి వీల్లేదు అని. గిట్‌ల్యాబ్ వాళ్ళు ఏ సర్వర్లో ఉన్నావో తెర మీద స్పష్టంగా తెలిసేలా మార్చాలని నిర్ణయించుకున్నారు. హద్దులు పెట్టడం, ఎక్కడున్నావో చూపించడం. ఇవి ప్యానెళ్ళు మొదట్నించీ చేస్తున్న పనులు. గడిలో 70 వేలు కొట్టబోతే ‘65535 దాటకూడదు’ అనే ప్యానెల్‌ని చూసి విసుక్కుంటాం గానీ, అర్ధరాత్రి రెండింటికి ఆ విసుగే మనల్ని కాపాడేది.

గిట్‌ల్యాబ్ కథలో ఇంకో సంగతుంది. వాళ్ళు జరిగింది దాచలేదు. రికవరీ జరుగుతుండగానే అందరికీ కనిపించేలా నోట్సు రాస్తూపోయారు, తర్వాత కారణాలు విడమరిచి రాశారు. చేత్తో చేసిన తప్పు కాబట్టి, ఏ కమాండు, ఏ సర్వరు, ఎన్నింటికి అన్నది రాయగలిగారు. మేం ‘కొలేషన్’ గడిలో చేసిన తప్పుకి ఆ చరిత్ర కూడా లేదు. ఎవరు నొక్కారో మాకే జ్ఞాపకం లేదు. ఇద్దరం నువ్వంటే నువ్వనుకున్నాం.

పెద్ద సంస్థల్లో ఈ తగువు ఇప్పుడు వేరే రూపంలో తేలిపోయింది. సెట్టింగులన్నీ టెక్స్ట్‌గా రాసి గిట్‌లో పెడతారు. ఎవరు, ఎప్పుడు, ఏ లైను మార్చారో, ఎందుకో రాసి ఇంకొకరికి చూపించాకే సర్వర్‌కి వెళ్తుంది. పద్ధతిగా చేసేచోట సర్వర్ మీద చెయ్యి పెట్టనివ్వరు, ప్యానెల్లోనూ నొక్కనివ్వరు. అంటే రాతే గెలిచింది. అయితే అది గెలిచింది జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకోగలిగినచోట. నెలకి కొన్ని వందలు కట్టి సైటు నడుపుకునే చిన్న పత్రికకి మిగిలింది గళ్ళే. నన్ను బాధపెట్టేది ఇదే. కారణాలు రాసిపెట్టుకోవాల్సిన అవసరం ఎవరికి ఎక్కువ? మనుషులు మారిపోతుండే, డబ్బుల్లేని, ఇష్టం కొద్దీ నడిచే ఇలాంటి చోట్లకే. సెట్టింగు ప్రతిదానికీ పక్కన ‘ఎందుకు’ అని ఒక ఖాళీ గడి పెట్టడానికి ప్యానెల్ తయారుచేసేవాళ్ళకి ఎంత ఖర్చవుతుంది? ఇన్నేళ్ళలో ఆ గడి ఉన్న హోస్టింగ్ ప్యానెల్ నాకొక్కటీ తగల్లేదు.

*

మా కథ ముగింపు. పెద్దాయన కామెంటు చదివాక సంగతి అర్థమైంది. సైటు కోడ్ డేటాబేసుతో ఏ పట్టికలో మాట్లాడాలో ఎక్కడా చెప్పలేదు. సర్వర్ ఏది చెబితే అది తీసుకుంటుంది. పాత సర్వర్ లాటిన్-1 అనేది. తెలుగు తప్పుడు పట్టికతో లోపలికెళ్ళి, అదే తప్పుడు పట్టికతో బయటికొచ్చేది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పన్నెండేళ్ళు తెలుగుని మోశాయి. కొత్త సర్వర్లో ఉన్నది మైఎస్‌క్యూఎల్ 8. దానికి అలవాటైన పట్టిక యూటీఎఫ్-8. ఒక తప్పు సరైపోయేసరికి రెండోది బయటపడింది. డ్రాప్‌డౌన్ ఆ చెత్తనే నమ్మకంగా కొత్త పట్టికలోకి అనువదించింది.

మళ్ళీ మొదట్నించీ ఇంపోర్ట్ చేశాం. ఈసారి గళ్ళ జోలికి పోకుండా, ప్రతి కాలమ్‌నీ ముందు ఉత్త బైట్లుగా మార్చి, ఆ తర్వాత ‘ఇది యూటీఎఫ్-8’ అని చెప్పాం. ఒక్కో కాలమ్‌కి రెండేసి లైన్లు. ఒక మధ్యాహ్నం పట్టింది. మొదటి సంచిక సంపాదకీయం తెరిచి, అక్షరాలు కనపడ్డాక, ఎవరం ఏమీ మాట్లాడలేదు కాసేపు.

ఆ సాయంత్రం పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పాను. “ఆ లైను ఇంకా ఉందా?” అన్నారు. తర్వాత కొంచెం సిగ్గుపడ్డట్టు, “సరిగ్గా చెయ్యాల్సింది, అప్పుడు టైము లేకపోయింది. అందుకే రాసిపెట్టా” అన్నారు.

కొత్త హోస్టింగ్‌లో ఆ ఫైలుని మాకు ముట్టుకునే హక్కు లేదు, కామెంటు రాయడానికి చోటూ లేదు. అందుకని సైటు ఫోల్డర్లో, బయటివాళ్ళకి కనపడనిచోట, ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టాం. ప్యానెల్లో ఏ గడిలో ఏముందో, ఎందుకుందో అందులో ఉంటుంది. పెద్దాయన మూడు వాక్యాలూ తేదీతో సహా ఎక్కించాం, ఇప్పుడు వాటి అవసరం లేకపోయినా. అన్నిటికన్నా పైన ఒక లైను రాశాం: ‘ఇది చేత్తో మార్చాల్సిన ఫైలు. మార్చినప్పుడు మీ పేరూ, తేదీ, కారణం రాయండి.’